లేదని రాసిన చీటీలు

ఆకృతి యంత్రం కళాశాలకు వచ్చిన రోజున గ్రంథాలయాధికారి కాత్యాయని మొదట చేసిన పని దాని అడుగున గుడ్డ పరిపించడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను తుడిపిస్తూ వచ్చిన టేకు బల్ల మీద ఒక్క గీత కూడా పడకూడదని ఆమె పట్టుదల. యంత్రంతో పాటు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇంజనీరు నవ్వి, అది బల్లను కూడా చదివేస్తుంది మేడమ్ అన్నాడు. ఆమె నవ్వలేదు. గుడ్డ అంచులు సరిచేసి, ఇక మొదలుపెట్టమంది.

అతడు పాత గణిత పత్రికల సంపుటం ఒకటి తీసుకుని, తెరవకుండానే యంత్రం పళ్ళెంలో పెట్టాడు. తేనెటీగల రొద వంటి చిన్న చప్పుడు వినిపించింది. మూసిన అట్టల కింద ఒక్కొక్క కాగితం మీద సిరా ఎంత మందాన ఆరిందో యంత్రం తడిమి చూసింది. పొరకు పొర విడదీసి, నాలుగు నిమిషాల్లో ఆరువందల పుటలు చదివేసింది. అంతవరకే అయితే అది మరొక నకలు యంత్రం. కానీ చదివినదానిలోంచి అది మాటలను తీసి పారేసింది. సంకేతాలను, భాషను, రాసినవారి పేర్లను కూడా తీసి పారేసింది. ఏ వాక్యం ఏ వాక్యం మీద ఆనుకుని నిలబడిందో ఆ అమరికను మాత్రం మిగుల్చుకుంది. తెర మీద చుక్కలూ గీతలూ కలిసి ఒక గూడులా లేచాయి. అవి ఒక రుజువు తాలూకు ఎముకలు.

ఆ యంత్రం ఎందుకు అవసరమైందో కాత్యాయనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గణితంలో, సంఖ్యాశాస్త్రంలో ఒక వ్యాసాన్ని వెతకడం ఎంత కష్టమో ఆమెకు తెలిసినట్టు ఆ జిల్లాలో మరొకరికి తెలియదు. నక్షత్రాలను లెక్కించేవాడు ఒక పేరుతో పిలిచే సూత్రాన్ని పైరును లెక్కించేవాడు మరొక పేరుతో పిలుస్తాడు. రచయిత పేరు తెలియాలి, పత్రిక పేరు తెలియాలి, సంవత్సరం తెలియాలి. అన్నీ తెలిసినా ఆ పత్రిక ఏ ఊళ్ళోనో ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ బాధ లేదు. తన రుజువును చేత్తో రాసి పళ్ళెంలో పెడితే చాలు, అదే ఎముకల గూడు ఇంకెక్కడైనా ఉంటే యంత్రం చూపిస్తుంది: ఫలానా అలమారా, ఫలానా సంపుటం, ఫలానా పుట. ఎక్కడా లేకపోతే పచ్చని గీత వెలుగుతుంది. ఆ పచ్చగీతను చూసి, ఇది కొత్తదేనని గ్రంథాలయాధికారి సంతకం చేసిన పత్రం లేనిదే ఇకపై ఏ వ్యాసాన్నీ అచ్చుకు తీసుకోరాదని విశ్వవిద్యాలయం నియమం పెట్టింది.

అటెండరు సింహాచలం, మరో రెండేళ్ళలో పింఛను పుచ్చుకోబోయేవాడు, తోపుడు బండి మీద సంపుటాలు పేర్చుకుంటూ తన అభిప్రాయం చెప్పాడు.

"మూసీసిన పుస్తకం సదివీసే పెట్టిని సూసేను గానండి అమ్మగోరూ, తెరిసిన పుస్తకం సదివే మనవణ్ణి మాత్రం మా ఇంట్లో ఇంతవరకూ సూడ్నేదు."

మొదటి వారంలోనే యంత్రం ఒక మనిషిని పొట్టన పెట్టుకున్నంత పని చేసింది. హైమవతి అనే పరిశోధక విద్యార్థిని మూడేళ్ళ పాటు చేసిన పనిని సంతోషంగా తెచ్చి పళ్ళెంలో పెట్టింది. పచ్చగీత వెలగలేదు. వేరుశనగ మళ్ళలో ఎరువు వాడకం గురించి ఎవరో వ్యవసాయ శాఖ ఉద్యోగి అరవై ఏళ్ళ క్రితం రాసిన చిన్న వ్యాసం తెర మీదకు వచ్చింది. భాష వేరు, ప్రశ్న వేరు. ఎముకలు మాత్రం అవే. ఆ అమ్మాయి మొదట నవ్వింది. తన మూడేళ్ళూ వేరుశనగ మళ్ళో పోయాయంది. తర్వాత పుస్తకాల వరసల వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. నెల తిరక్కుండా పరిశోధన మానేసి ఏదో బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆమె తిరిగి ఇవ్వవలసిన రెండు పుస్తకాలను సింహాచలమే వాళ్ళింటికి వెళ్ళి తెచ్చాడు.

కాత్యాయని బాధపడింది గానీ యంత్రాన్ని తప్పుపట్టలేదు. ఉన్నదాన్ని ఉందనడం తన వృత్తి ధర్మం కూడా. పైగా ఆమె మనసులో ఒక ఆశ మొలిచింది. ఆ ఆశ పేరు దక్షిణామూర్తి.

దక్షిణామూర్తి ఆమె తమ్ముడు. అదే కళాశాలలో సంఖ్యాశాస్త్రం చెబుతాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. కళాశాల వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో, ఒకరి అలవాట్లకు మరొకరు ఒదిగిపోయి బతుకుతున్నారు. నాలుగింటికి అతని పాఠాలు అయిపోతాయి. సరిగ్గా ఐదూ పదికి గ్రంథాలయంలోకి వచ్చి, ఉత్తరపు కిటికీ దగ్గర మూల బల్ల ముందు కూర్చుంటాడు. అప్పటికి ఆమె ఆ బల్ల మీది దీపం వేసి, కుర్చీ తుడిచి ఉంచుతుంది. ఏడున్నర దాకా అతడు నోటుపుస్తకంలో రాసుకుంటాడు. తర్వాత ఇద్దరూ తలుపులు వేయించి, నడిచి ఇంటికి వెళతారు. ఇరవై మూడేళ్ళుగా ఇదే వరస.

ఆ ఇరవై మూడేళ్ళూ అతడు ఒకే సమస్య మీద పనిచేశాడు. కాత్యాయని చదివింది సాహిత్యం. ఆ లెక్కలు ఆమెకు అందవు. ఒకసారి సముద్రపు ఒడ్డున, వలలు దింపుతున్న చోట నిలబెట్టి అతడు విడమరిచి చెప్పాడు. వలలో పడ్డ చేపల్లో ఒక్కొక్కటిగానే చిక్కిన రకాలు ఎన్ని ఉన్నాయో చూడమన్నాడు. అవి ఎక్కువగా ఉంటే, అసలు చిక్కని రకాలు నీళ్ళలో ఇంకా చాలా ఉన్నట్టు. చూసినదాన్నిబట్టి చూడనిది కనీసం ఇంతైనా ఉండి తీరాలని చెప్పే హద్దు ఒకటి ఉండాలి. ఆ హద్దు కోసమే తన వెతుకులాట అన్నాడు. ఆ వెతుకులాట కోసమే హైదరాబాదులో వచ్చిన మంచి ఉద్యోగాన్ని వద్దన్నాడు. సుగుణ అనే రసాయనశాస్త్ర అధ్యాపకురాలు తనంత తానుగా అడిగించిన సంబంధానికి, ఇది తేలనీ చూద్దామన్నాడు. సుగుణ నాలుగేళ్ళు చూసి, వేరే పెళ్ళి చేసుకుని బరంపురం వెళ్ళిపోయింది.

ఆమె కొలువును కళాశాల పొడిగించింది గానీ, వచ్చే మార్చిలో అతని పదవీ విరమణ. ఈలోగా ఆ వ్యాసం అచ్చవాలని కాత్యాయని కోరిక. యంత్రం వచ్చిన దగ్గరనుంచి ఆమె రోజూ అదే పాట పాడింది. అతడు రోజూ ఒకే మాట అన్నాడు: ఇంకా ఒక్క మెట్టు కుదరలేదు. ఆ మెట్టు పదేళ్ళ పైనుంచీ కుదరలేదు. ఒక ఆదివారం వంటింట్లో అతడు బెండకాయలు తరుగుతుండగా ఆమె సహనం తెగిపోయింది.

"నీ మెట్టు కుదిరేలోగా నేను కాటికి పోతానురా మూర్తీ. ఆ కాగితాలు నాతో పాటే తగలెడతావా?"

అతడు కత్తి పక్కన పెట్టాడు. కాసేపు తరిగిన ముక్కలను వేలితో కుప్పగా చేరుస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత, ఆ యంత్రానికి ఏయే అలమారాలు చదివిస్తున్నారని అడిగాడు. గణితం, సంఖ్యాశాస్త్రం, ఒకటి నుంచి పదకొండు వరకూ, అంది ఆమె. మిగతావి చదివించరా అని మళ్ళీ అడిగాడు. విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగింది అంతే అని ఆమె చెప్పింది.

అతడు కత్తి తీసుకుని మరో నాలుగు బెండకాయలు తరిగాడు.

"సరే అక్కా. తీసుకెళ్ళు," అన్నాడు.

నోటుపుస్తకంలోని చివరి ఇరవై పుటలను ఆమె మర్నాడే పళ్ళెంలో పెట్టింది. గురువారం సాయంత్రానికి పదకొండు అలమారాలూ పూర్తయ్యాయి. పచ్చని గీత వెలిగింది. ఆ గీతను చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. చేతి రుమాలుతో రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుంది. ధ్రువపత్రం నింపి, సంతకం చేసే చోట కలం ఆనించి, ఆపింది.

పత్రం మీద ఉన్న వాక్యం ఇది: ఈ గ్రంథాలయంలో దీనితో పోలిన వ్యాసం లేదు. అందులో అలమారాల ప్రసక్తి లేదు. వేరుశనగ వ్యాసం హైమవతికి ఎక్కడినుంచి తగిలింది? గణితంవాళ్ళు ఎవరూ చూడని చోటినుంచి. పరిశోధకుల కోసం ఆ ఒక్క పత్రికను ఎవరో సంఖ్యాశాస్త్రం అలమారాలో పెట్టబట్టి దొరికింది. అటువంటివి వ్యవసాయంలోనో అర్థశాస్త్రంలోనో ఇంకా ఉంటే? చదివించని పుస్తకాలను చదివించినట్టు సంతకం చేయడానికి ఆమెకు చేయి రాలేదు. తమ్ముడి పనికి మచ్చ ఉండకూడదని కూడా అనుకుంది. కలం మూత పెట్టి, రేపటినుంచి పన్నెండో అలమారా తెమ్మని సింహాచలానికి చెప్పింది.

"గణితంవోరికి అర్థశాస్త్రంతో ఏటి పనమ్మా?" అని సణిగాడతను. కానీ బండి తోసుకుంటూ వెళ్ళాడు.

తర్వాతి బుధవారం, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, పద్నాలుగో అలమారా నాలుగో అరలోని ఒక లావుపాటి సంపుటం దగ్గర యంత్రం ఆగింది. వెన్ను మీద బంగారు అక్షరాలతో ‘ఆర్థిక సమీక్ష, సంపుటి 31’ అని ఉంది. తెర మీద ఎడమవైపు దక్షిణామూర్తి గూడు, కుడివైపు మరొక గూడు. రెండూ మెల్లగా జరిగి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒక్క ఎముక కూడా పక్కకు పోలేదు.

కాత్యాయని సంపుటాన్ని పళ్ళెంలోంచి తీసి తెరిచింది. రెండువందల ఎనభై ఎనిమిదో పుటతో ఆర్థిక సమీక్ష అయిపోయింది. దాని తర్వాత పసుపుపచ్చగా మారిన పల్చని కాగితాలు మళ్ళీ ఒకటో పుటనుంచి మొదలయ్యాయి. అది ‘దక్షిణ సంఖ్యాశాస్త్ర బులెటిన్’ అనే పత్రిక. నాలుగే నాలుగు సంచికలు వెలువడి ఆగిపోయింది. మూడో సంచికలో తొమ్మిది పుటల వ్యాసం. రాసినవారు కె. విశాలాక్షి, ఏదో మహిళా కళాశాలలో ఉపన్యాసకురాలు. సంవత్సరం 1969. ఆ లెక్క కాత్యాయనికి అర్థం కాలేదు. కానీ చివరి వరుసను ఆమె గుర్తుపట్టింది. తమ్ముడి నోటుపుస్తకంలో చుట్టూ గీత గీసి ఉంచిన వరుస అదే.

ఆ రెండూ ఒకే అట్టలోకి ఎలా వచ్చాయి? ఆమె పాత బైండింగు జాబితాల కట్ట విప్పింది. ఏ కాగితాన్నీ పారేయని మనిషి కనుక అది దొరికింది. ఇరవై అయిదేళ్ళ నాటిది, తన చేతిరాతే. ఆ నెలలో అమ్మ ఆస్పత్రిలో ఉండేది. పగలు ఇక్కడా రాత్రి అక్కడా గడిచేది. పదిహేడో వరుసలో ‘ఆర్థిక సమీక్ష, 31’ అని ఉంది. పద్దెనిమిదో వరుసలో పత్రిక పేరు ఉండవలసిన చోట, పైదే అని తెలిపే రెండు చిన్న గీతలు ఉన్నాయి. ఆ పద్దెనిమిదో వరుస బులెటిన్‌ది. జీవితమంతా పూర్తి పేరు రాసిన మనిషి ఆ ఒక్క వరుసలో రెండు గీతలు పెట్టింది. బైండరు చెప్పినట్టే చేశాడు. రెంటినీ ఒకటిగా కుట్టి, ఒకే పేరు అచ్చొత్తాడు. పేరు లేని పత్రికకు సూచికలో కార్డు తయారు కాలేదు.

అప్పుడామెకు చీటీ గుర్తొచ్చింది.

పాఠకులు అడిగి, దొరకక, ‘లేదు’ అని రాసిన చీటీలను ఆమె విడిగా ఒక చెక్కపెట్టెలో దాస్తుంది. ఏడాదికొకసారి ఆ జాబితాను ఇతర గ్రంథాలయాలకు పంపేది. పెట్టెలో నాలుగువందల పన్నెండు చీటీలు, తేదీల వరసలో. ఆమె వేళ్ళు వెతుక్కోకుండానే ఇరవై మూడేళ్ళ వెనక్కి వెళ్ళాయి. అప్పటి తొందర ఉన్న తమ్ముడి అక్షరాలు: కె. విశాలాక్షి, దక్షిణ సంఖ్యాశాస్త్ర బులెటిన్, 1969. వాటి కింద ఎర్రసిరాతో తన రాత: లేదు. కా.

ఆ రోజు ఆమె చూసింది కార్డుల సొరుగు మాత్రమే. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. కార్డు లేకపోతే పుస్తకం లేనట్టేనని కొత్తగా చేరినవాళ్ళందరికీ తనే నేర్పింది. ఏదో వ్యాసం పాదసూచికలో ఆ పేరు చూశానని, ఒకసారి చదివితే బాగుండేదని మూర్తి అన్నాడు. చీటీ చూసి ఆమెకే తిరిగిచ్చి, తేలిగ్గా నవ్వి, "లేకపోతే లేదులే అక్కా. నేనే చేసి చూస్తాను," అన్నాడు.

చేసి చూశాడు.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. కిటికీ బయట క్రికెట్ ఆడుతున్న పిల్లల అరుపులు వినబడుతున్నాయి. ఆ చీటీ మీద ఉంది అని రాసి ఉంటే, తమ్ముడు ఆ సాయంత్రమే తొమ్మిది పుటలూ చదివేవాడు. నాలుగు రోజులు నిరుత్సాహపడి, ఇంకో సమస్య ఎత్తుకునేవాడు. హైదరాబాదు వెళ్ళేవాడు. సుగుణ బరంపురం వెళ్ళేది కాదు. ఇదంతా మెల్లగా, ఒక కార్డు తర్వాత ఒక కార్డు తిరగేసినట్టు, ఆమె మనసులో తిరిగింది.

పద్నాలుగో అలమారాను చదివించమని ఎవరూ అడగలేదు. ఈ సంపుటం చదివిన గుర్తును తొలగిస్తే పచ్చగీత మళ్ళీ వెలుగుతుంది. మార్చిలోపు వ్యాసం అచ్చవుతుంది. విశాలాక్షి గారు ఇప్పటికే యాభై ఏళ్ళ పైగా ఎవరికీ తెలియకుండా ఉన్నారు, మరికొన్నాళ్ళు ఉంటారు. జీవితంలో మొదటిసారి కాత్యాయని ఒక పుస్తకాన్ని లేకుండా చేయాలనుకుంది. సంపుటాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టి, తొలగించే మీట మీద వేలు ఉంచింది.

యంత్రం, తన పద్ధతి ప్రకారం, తొలగించబోయే పుటలను పళ్ళెంలోంచి మళ్ళీ చదివి, ఆఖరిసారిగా ఒక్కొక్కటీ తెర మీద చూపింది. తొమ్మిదో పుట అడుగున, అచ్చు అక్షరాల కింద, బూడిదరంగు నీడ ఒకటి కనిపించింది. ఆమె బొమ్మను పెద్దది చేసింది. కంటికి ఆననంత తేలిగ్గా పెన్సిలుతో రాసిన మాటలవి. గ్రంథాలయం పుస్తకాల్లో గీతలు గీయకూడదని అక్క దగ్గర చిన్నప్పటినుంచీ చీవాట్లు తిన్న చేయి భయపడుతూ రాసినట్టున్నాయి.

చదివాను. నమస్కారం. ద.

కింద తేదీ ఉంది. పదకొండేళ్ళ కిందటిది, పెద్ద తుఫాను వచ్చిన వారం. పైకప్పు కారి పద్నాలుగో అలమారా తడిసిపోతే, మూర్తీ సింహాచలమూ కలిసి ఆ సంపుటాలను బల్లల మీద పరిచి, పుట పుటకూ గాలి తగిలేలా తిప్పుతూ మూడు రోజులు ఆరబెట్టారు. ఆ తర్వాత మూర్తి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తడిలో తిరిగి జ్వరం తెచ్చుకున్నాడని ఆమె మిరియాల కషాయం కాచి ఇచ్చింది. వారం తర్వాత ఐదూ పదికి అతడు మామూలుగా వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.

పదకొండేళ్ళు. ఆమె మీట మీదనుంచి వేలు తీసేసింది.

సాయంత్రం ఐదూ పదికి దక్షిణామూర్తి వచ్చాడు. దీపం వెలుగుతోంది, కుర్చీ తుడిచి ఉంది. బల్ల మీద ఒక సంపుటం, దాని మీద పాతబడిన చీటీ ఉన్నాయి. చీటీ మీద ‘లేదు’ను అడ్డంగా ఒకే గీతతో కొట్టేసి, పక్కన అదే ఎర్రసిరాతో ‘ఉంది’ అని రాసి, ఈనాటి తేదీ వేసి ఉంది. అతడు నిలబడే చదివాడు. సంపుటాన్ని ముట్టుకోలేదు.

"అర్థశాస్త్రం చదివించరన్నావు కదక్కా," అన్నాడు చివరికి.

"నన్నెవరూ అడగలేదు. నేనే చదివించాను."

"నీ సంగతి తెలిసి కూడా మోసపోయాను." అతని పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదుటి కుర్చీలో పాఠకుడి మాదిరి ఆమె కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

తొమ్మిదో పుట అడుగున అతని రాత చూశానని ఆమె చెప్పింది. తుఫాను వారంలోనే ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే, అప్పటికి పోయిన పన్నెండేళ్ళూ తిరిగి రావు కదా అన్నాడతను. పాత బైండింగు జాబితాలు వెతికి, ఆ రెండు పత్రికలూ ఎవరి చేతిలో కలిసిపోయాయో నువ్వు కనుక్కుంటావని తెలుసు, కనుక్కున్నాక ఇంకెప్పుడూ నిద్రపోవని కూడా తెలుసు అన్నాడు. అందుకే సంపుటాన్ని ఆరబెట్టి, వెన్ను బయటికి కనిపించేలా, ఉన్నచోటే పెట్టేశాడు.

"మరి ఈ పదకొండేళ్ళూ ఇక్కడ కూర్చుని ఏం రాశావురా?"

"ఆవిడ రుజువే అక్కా. మళ్ళీ మళ్ళీ. ఏ మలుపులో పక్కకు తిరిగి ఉంటే నేను ఇంకోచోటికి చేరేవాణ్ణో అని వెతికాను. ఎటు తిరిగినా ఆవిడ ఇంటికే చేరుతుంది. అంత చక్కగా కట్టింది."

"మానేయవలసింది నాయనా. ఎందుకు వచ్చావు రోజూ?"

అతడు దీపం వైపు చూశాడు. తర్వాత తన కుర్చీ చేతిని, ఎన్నో ఏళ్ళుగా తుడిచి తుడిచి నునుపెక్కిన ఆ కొయ్యను, అరచేత్తో నిమిరాడు.

"నువ్వు దీపం వేసి ఉంచేదానివి," అన్నాడు.

తలుపు దాకా వచ్చిన సింహాచలం, వాళ్ళను చూసి, అడగవలసింది అడక్కుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

ఏడు గంటల వేళ కాత్యాయని లేచి ఒక కొత్త కార్డు తెచ్చింది. విశాలాక్షి గారి గురించి ఏమైనా తెలుసా అని అడిగింది. అతనికి తెలుసు. తుఫాను వచ్చిన సంవత్సరమే ఆ మహిళా కళాశాలకు ఉత్తరం రాశాడు. ఆ వ్యాసాన్ని చదివామని ఒక్కరూ ఆవిడకు చెప్పలేదట. తర్వాత ఇంకేమీ రాయలేదట. చాలా కాలం క్రితమే పోయారట. కాత్యాయని కార్డు మీద పూర్తి పేరు రాసింది, పత్రిక పేరు పూర్తిగా రాసింది. విషయం అనే చోట ఏం రాయాలని తమ్ముణ్ణి అడిగింది. అతడు చెప్పాడు, ఆమె రాసింది: చూసినవాటినిబట్టి చూడనివాటి కనీస సంఖ్య. ధ్రువపత్రం మీద ‘పోలిన వ్యాసం ఉంది’ అని రాసి సంతకం చేసింది. ఆ సంతకం కోసం ఆమె చేయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. చేసిన తర్వాత మాత్రం కలం మూత పెట్టలేకపోయింది. అతడే తీసుకుని మూత పెట్టాడు. నోటుపుస్తకాన్ని బల్ల మీదే వదిలేశాడు.

మర్నాడు ఐదు గంటలకు ఆమె అలవాటు కొద్దీ దీపం వేసింది, కుర్చీ తుడిచింది. ఐదూ పదయింది. పావు దాటింది. సింహాచలం బండి పక్కన నిలబడి మెల్లగా అన్నాడు.

"మూర్తిగోరు నాలుగింటికే ఇంటికెల్లిపోయేరమ్మా. దారిలో కనబడ్డారు. ఈరోజు నుంచి రానని సెప్పమన్నారు. మీరు బెంగెట్టుకోవద్దన్నారు."

ఆమె తలూపింది. ఉత్తరపు కిటికీలోంచి పడుతున్న వెలుగు ఖాళీ కుర్చీ మీద కొంతసేపు ఉండి, పక్కకు జరిగింది. అతని పదకొండేళ్ళు తను దీపం వేయడం వల్ల పోయాయి. అంతకు ముందు పన్నెండేళ్ళు తను ‘లేదు’ అనడం వల్ల పోయాయి. రెండు పనులూ తను శ్రద్ధగానే చేసింది.

ఆమె చెక్కపెట్టె తెచ్చుకుని అతని కుర్చీలో కూర్చుంది. సముద్రపు ఒడ్డున అతను చెప్పిన మాట గుర్తొచ్చింది. వలలో ఒక్కసారే చిక్కిన చేప ఉందంటే, చిక్కనివి ఇంకా ఉండి తీరతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనకు చిక్కిన తప్పు ఒక్కటి, చిక్కింది ఒక్కసారి. పెట్టెలో మిగిలిన నాలుగువందల పదకొండు చీటీల్లో ఎంతమంది లేకపోతే లేదులే అనుకుని, నవ్వి, వెళ్ళిపోయారో? ఈ వెతుకులాటకు యంత్రం పనికిరాదు. అది పేర్లను పారేస్తుంది. చీటీల్లో ఉన్నవి పేర్లే.

మొదటి చీటీ తీసింది. పి. రాజ్యలక్ష్మి, బి.ఎస్సీ. రెండో సంవత్సరం, ‘సరాసరులు’ అనే వ్యాసం అడిగింది. లేదు. కా.

కాత్యాయని కార్డుల సొరుగుల వైపు చూడలేదు. లేచి మొదటి అలమారా దగ్గరికి వెళ్ళి, పై అరలో ఎడమ చివరనున్న సంపుటాన్ని అందుకుంది. వెన్ను మీది పేరు చదవకుండా దాన్ని తెరిచింది.